పగ గడప దాటని ఇల్లు

లక్డీకాపూల్ నుంచి నాంపల్లి మీదుగా ఆబిడ్స్‌కు నిత్యం వేలాది మంది వెళ్ళివస్తుంటారు. ఆ దారిలో స్టేషన్ రోడ్డున ఉన్న గోల్డెన్ థ్రెషోల్డ్ భవనం సరోజినీ నాయుడు ఇల్లుగా అందరికీ తెలిసినదే. 1905లో వెలువడిన ఆమె తొలి కవితా సంపుటి పేరే ఆ ఇంటికి స్థిరపడింది. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం తొలి అడుగులు వేసింది కూడా అక్కడే. అయితే ఆ ఇంటి పెద్ద ఆమె తండ్రి, డాక్టర్ అఘోరనాథ్ చటోపాధ్యాయ. తనను వెళ్ళగొట్టిన ఊరికే తిరిగివచ్చి విద్యాదానం చేసిన మహనీయుడాయన.

తూర్పు బెంగాలులోని విక్రమపుర ప్రాంతంలో జన్మించిన అఘోరనాథ్ 1877లో ఎడింబరో విశ్వవిద్యాలయం నుంచి డి.ఎస్‌సి. పట్టా పొందారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలుపుపై హైదరాబాదు వచ్చి, ఇంగ్లీషు విద్యకు పునాది వేశారు. ఆయన ఇంటి తోటలో హిందువులు, ముస్లిములు, పండితులు, ఫకీర్లు ఒకేచోట కూర్చుని చర్చించుకునేవారు.

చాందా రైలు వివాదం

1883 ఫిబ్రవరిలో దివాన్ మొదటి సాలార్‌జంగ్ కన్నుమూశారు. అప్పటికి నిజాం మహబూబ్ అలీఖాన్ ఇంకా మైనరు. రైలు మార్గాన్ని చాందా వైపు పొడిగించేందుకు లండన్ పెట్టుబడిదారులతో బేరసారాలు సాగుతున్న రోజులవి. ఆ భారం రాష్ట్ర ఖజానా మీద పడుతుంది గనుక వివరాలు ప్రజల ముందుంచాలని పట్టణ ప్రముఖులు కోరారు. వారిలో అఘోరనాథ్, ముల్లా అబ్దుల్ ఖయ్యూం ముఖ్యులు. ప్రభుత్వానికి ఇది కంటగింపైంది. ఆ ఏడాది మే నెలలో అఘోరనాథ్‌ను ఉద్యోగం నుంచి తప్పించి, రాష్ట్రం నుంచే బహిష్కరించింది. అప్పటికి సరోజినికి నాలుగేళ్ళు.

కొన్నేళ్ళకు ప్రభుత్వం మనసు మార్చుకుని ఆయనను తిరిగి రానిచ్చింది. అఘోరనాథ్ వచ్చి మళ్ళీ పాఠాలు చెప్పారు. 1887లో ఏర్పడిన నిజాం కళాశాల ఎదుగుదలకు పాటుపడ్డారు. తనను శిక్షించిన దర్బారులోని వారి బిడ్డలకూ ఆ చదువు అందింది. అలాగని తన అభిప్రాయాలను ఆయన చంపుకోలేదు. 1885లో పుట్టిన కాంగ్రెసుకు హైదరాబాదులో తొలినాళ్ళలోనే మద్దతు పలికిన వారిలో ఆయనా ఉన్నారు. అన్యాయాన్ని ఎదిరించడం వేరు, మనిషిపై పగ పట్టడం వేరు.

1888లో మరో మలుపు వచ్చింది. లండన్‌లో రైలు ఒప్పందం నడిపిన అబ్దుల్ హక్ దక్కన్ మైనింగ్ కంపెనీ వాటాల కుంభకోణంలో చిక్కి పదవి పోగొట్టుకున్నారు. బ్రిటిష్ పార్లమెంటు కమిటీ దానిపై విచారణ జరిపింది. కక్ష కట్టిన వాడికి ఇటువంటి రోజు పండుగే. అఘోరనాథ్ బ్రతుకు మాత్రం కళాశాల చుట్టూ, పిల్లల చదువు చుట్టూ సాగింది.

ఒకరి కొంప కాలుతుంటే చలి కాచుకునే వాడికి ముందుగా మాడేది తన మనసే. భారతంలో శమీక మహర్షి మెడలో పరీక్షిత్తు చచ్చిన పామును వేసినప్పుడు కొడుకు శృంగి శాపం పెట్టాడు. అవమానం పొందిన తండ్రి అందుకు సంతోషించలేదు. కోపం తపస్సును హరిస్తుందని కొడుకును మందలించాడు. పగ తీరినా, పోయిన తపస్సు తిరిగి రాదు.

పగ లేని చోట ఎదుటివారూ మెత్తబడతారు. 1895లో సరోజిని పై చదువులకు ఇంగ్లండు వెళ్ళింది ఆ నిజాం మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన వేతనంతోనే. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరం శవాల దిబ్బగా మారినప్పుడు, తన తండ్రిని వెళ్ళగొట్టిన ఆ ఊరి బాధితులకు ఆమె అండగా నిలిచారు.

అఘోరనాథ్ చివరి దశలో కలకత్తా చేరి 1915లో పరమపదించారు. రైలు మాట ఎత్తినందుకు ఊరు విడవవలసివచ్చిన ఆయన ఇంటి సమీపానే 1907లో నాంపల్లి స్టేషను వెలిసింది. కాజీపేట నుంచి చాందా వైపు బల్లార్షా వరకు మార్గం 1929 నాటికి పూర్తయింది. ఆనాటి కక్షలు, కంపెనీలు ఏనాడో కాలంలో కలిసిపోయాయి. ఆయన పెంచిన కళాశాలలో ఈనాటికీ పిల్లలు చదువుకుంటున్నారు.