రహీము మాస్టరు

హైదరాబాదు నగరమున కాచిగూడ, చాదర్‌ఘాటు మున్నగు చోట్ల నున్న పాఠశాలలలో పూర్వమొక ఉపాధ్యాయుడు పనిచేసెను. పగలు తరగతిలో పాఠము చెప్పుట, సాయంకాలము బాలురతో మైదానమునకు పోవుట ఆయన దినచర్య. ఆటలాడు పిల్లలకు చదువు రాదని తలచు పెద్దలు ఆ కాలమున పెక్కుమంది యుండిరి. ఆయన మాత్రము ఆటకును పాఠమునకును భేదము చూడలేదు. కఠినమైన పాఠమును ముక్కలుగా విడదీసి ఎట్లు బోధించునో, ఆటను కూడ అట్లే విడదీసి బోధించెడివాడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీము. ఫుట్‌బాల్ ఆటలో భారతదేశమును ఆసియా ఖండమున కంతటికి రెండు పర్యాయములు ప్రథమస్థానమున నిలిపినవాడు ఈ బడిపంతులే.

రహీము 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి పట్టము పొందెను. విద్యార్థి దశలోనే మంచి ఆటగాడని పేరు తెచ్చుకొనెను. పిమ్మట ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించి, వ్యాయామ విద్యలో కూడ శిక్షణ పొంది, తాను పనిచేసిన పాఠశాలలలో ఆటల బాధ్యత వహించెను. 1940 తరువాతి సంవత్సరములలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి యయ్యెను. మరణించువరకు ఆ పదవి ఆయనను విడువలేదు.

నాటి హైదరాబాదు బాలురకు బంతి దొరకిన చాలును. దానిని కాలికంటించుకొని ఒకనిని తప్పించి, ఇద్దరిని తప్పించి, ముగ్గురిని తప్పించి పోవలెనని ఉబలాటము. చూచువారు చప్పట్లు కొట్టెడివారు. కాని ముగ్గురిని తప్పించినవాడు నాలుగవవానికి బంతి నప్పగించి చతికిలబడుట సామాన్యముగా జరుగుచుండెను. అంతవరకు పడిన శ్రమ యంతయు వ్యర్థము. ఈ అలవాటు తిట్టిన పోవునది కాదని రహీము ఎరుగును. అందుచేత బంతిని కాలితో నడిపించుకొని పోరాదను నియమముతో ఆయన పోటీలు ఏర్పరచెను. బంతి వచ్చినదే తడవుగా దానిని తోడివాని కందింపవలెను. అందించుటకు ముందే తోడివాడు ఎచ్చట నున్నాడో చూచుకొనవలెను. అనగా కాలికంటె ముందు కన్ను పనిచేయవలెను. కుడికాలి వాటము గలవారు ఎడమకాలితోడను, ఎడమకాలి వాటము గలవారు కుడికాలితోడను మాత్రమే తన్నవలెనని మరికొన్ని పోటీలు పెట్టెను. పై చూపునకు ఇవి నవ్వులాటవలె కనబడును. కాని కొంతకాలము అట్లు ఆడిన వానికి రెండు కాళ్లును వశమగును. ఎదుటివానికి వాడు ఏ వైపునకు తిరుగునో ఊహించుట దుష్కరమగును.

1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షణ ఇచ్చు భారము రహీముపై పడెను. ఆ దినములలో ఫుట్‌బాల్ అనిన కలకత్తా, కలకత్తా అనిన ఫుట్‌బాల్. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల ఎదుట దక్షిణాదివారు నిలువగలరని తలచినవారు అరుదు. ఆ సంవత్సరముననే హైదరాబాదు పోలీసులు మోహన్ బగాన్ జట్టును ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచిరి. బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు పర్యాయములు తమదిగా చేసికొనిరి. జాతీయ పోటీలలో సంతోష్ ట్రోఫీ 1956లోను 1957లోను హైదరాబాదునకే దక్కెను. నూర్ మహమ్మదు, అజీజుద్దీను, జుల్ఫికరుద్దీను మొదలగు హైదరాబాదు ఆటగాండ్రు దేశమంతట ప్రసిద్ధి కెక్కిరి.

రహీమునకు శిష్యులను వెదకుటయందు గల శ్రద్ధ కొక ఉదాహరణము చాలును. సికిందరాబాదు చెంత అమ్ముగూడ అను పల్లెలో తులసీదాసు బలరాము అను బీద కుటుంబపు బాలు డుండెను. వాని ఆట చూచి రహీము తన వద్దకు అభ్యాసమునకు రమ్మనెను. ప్రతిదినము హైదరాబాదునకు వచ్చి పోవుటకు తన యొద్ద డబ్బు లేదని బలరాము చెప్పెను. అప్పుడు రహీము అద్దె సైకిలునకు కావలసిన సొమ్ము తానే ఇచ్చెను. ఆ సైకిలు తొక్కుకొని వచ్చిన బాలుడు 1956లో మెల్బోర్ను నగరమునను, 1960లో రోము నగరమునను జరిగిన ఒలింపిక్ క్రీడలలో భారతదేశము పక్షమున ఆడెను. రోములో హంగరీ దేశముపై ఒకటి, పెరూ దేశముపై ఒకటి గోలు చేసినవాడు అతడే. సైకిలు అద్దె ఏపాటి? అది అందకుండిన ఆ పాదముల నేర్పు అమ్ముగూడ దాటి యుండెడిది కాదేమో!

భారత జట్టునకు శిక్షకుడుగా రహీము పొందిన తొలి విజయము 1951లో. ఢిల్లీ నగరమున జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడలలో మనవారు తుదిపోటీలో ఇరాను దేశమును ఒక గోలుతో ఓడించి స్వర్ణపతకము గెలిచిరి. మరుసటి సంవత్సరమే గర్వభంగము జరిగెను. ఫిన్లండు దేశపు రాజధాని హెల్సింకీలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా జట్టు మనపై పది గోలులు చేసెను. మనము చేసినది ఒక్కటి. ఆ చలిదేశమున మనవారిలో అధికులు బూట్లు లేక వట్టికాళ్లతో ఆడిరి. అటుపిమ్మట భారత జట్టువారికి బూట్లు తప్పనిసరి చేయబడెను.

బూట్లు తొడిగినంతనే ఆట రాదు. హెల్సింకీలో స్వర్ణపతకము గెలిచిన హంగరీ జట్టువారు క్రొత్త పద్ధతి నొకదానిని అవలంబించుచుండిరి. ముందు వరుసలో నడుమ నిలువవలసిన ఆటగాడు వారి జట్టులో వెనుకకు జరిగి ఆడును. వానిని కాపాడవలసిన ఎదుటి పక్షమువాడు ఎటు పోవలెనో తెలియక తికమక పడును. రహీము ఈ కీలకమును పట్టుకొని తన శిష్యులకు నేర్పెను. క్రమముగా వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నిలుచు అమరికకు వారిని అలవాటు చేసెను. 1958లో బ్రెజిలు దేశమువారు ఇట్టి అమరికతో ప్రపంచ కప్పు గెలిచిన పిదప గాని లోకమునకు దాని మహిమ తెలియలేదు.

ఈ కృషికి ఫలము 1956లో మెల్బోర్ను నగరమున కనబడెను. మనవారు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను రెండింటికి నాలుగు గోలులతో ఓడించిరి. వానిలో మూడు నెవిల్ డిసౌజా ఒక్కడే చేసెను. ఆసియావాడు ఒలింపిక్ ఫుట్‌బాల్ ఆటలో ఒకే పోటీయందు మూడు గోలులు చేయుట అదియే ప్రథమము. సెమీఫైనలులో మరల యుగోస్లావియా ఎదురయ్యెను. నాలుగు సంవత్సరములకు పూర్వము పది గోలులు చేసిన ఆ దేశము ఈ పర్యాయము మొదటి సగములో ఒక్క గోలును చేయలేకపోయెను. విరామము తరువాత తొలి గోలు మనదే. తుదకు నాలుగింటికి ఒకటితో ఓడితిమి. పిమ్మట బల్గేరియాతో జరిగిన ఆటయందును ఓడి నాలుగవ స్థానమున నిలిచితిమి. పతకము రాలేదు గాని ఒలింపిక్ ఫుట్‌బాల్ ఆటలో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా దేశము మనదే యయ్యెను.

1960లో రోము నగరమున బలమైన ఫ్రాన్సు జట్టుతో మనవారు చెరియొక గోలుతో సమముగా నిలిచిరి. ఆ రోము యాత్రలో రహీము కుమారుడు సయ్యద్ షాహిద్ హకీము కూడ జట్టులో ఉండెను. అతడు మంచి ఆటగాడు. ఐనను ఒక్క పోటీలోనైనను అతనిని మైదానమునకు దింపుట జరుగలేదు. ఆటగాండ్రను ఎన్నుకొనుటలో తండ్రికి కుమారుడు ఇతరులవంటివాడే.

ఇక 1962వ సంవత్సరపు మాట. ఇండోనేషియా రాజధాని జకార్తాలో నాలుగవ ఆసియా క్రీడలు జరిగెను. అప్పటికే రహీము ఆరోగ్యము చెడియుండెను. ఊపిరితిత్తుల క్యాన్సరు ఆయనను లోలోపల తినివేయుచుండెను. జట్టుతో పయనమై పోయినది అట్టి శరీరముతోడనే.

అచ్చటి పరిస్థితియు అనుకూలముగా లేదు. ఇజ్రాయెలు, తైవాను దేశములవారిని ఆ క్రీడలకు రానీయలేదు. ఇది న్యాయము కాదని భారతదేశపు క్రీడాధికారి జి.డి. సోంధీ అభ్యంతరము తెలిపెను. దానితో నగరవాసులకు భారతీయులపై ఆగ్రహము కలిగెను. మన రాయబార కార్యాలయముపై దాడి జరిగెను. మన ఆటగాండ్రు ఎక్కడ కనబడినను కేకలు, ఈలలు. బస్సులో పోవునపుడు తలపాగాను బట్టి గుర్తింతురను భయముతో జర్నయిల్ సింగు సీట్ల నడుమ క్రింద దాగి ప్రయాణము చేసెనని చెప్పుదురు.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను రెండు గోలులతో ఓడించెను. తరువాత థాయిలండుపై గెలిచితిమి గాని, ఆ ఆటలో జర్నయిల్ సింగు తల పగిలి కుట్లు పడెను. అతడు మన కాపుదలకు వెన్నెముక వంటివాడు. అతడు లేకయే జపానును రెండు గోలులతో ఓడించి మనవారు సెమీఫైనలు చేరిరి. అప్పుడు రహీము ఎవ్వరును ఊహింపని పని చేసెను. కుట్లు మానని జర్నయిలును జట్టులోనికి తీసికొని, వెనుక వరుసలో గాక ముందు వరుసలో నిలిపెను. జర్నయిలు కళాశాలలో చదువు దినములలో ముందు వరుసలో ఆడినవాడు. గాయపడినవాడు వెనుక నుండి ఒక్కసారి తడబడినను గోలు పోవును. ముందు నుండి తడబడిన అంత నష్టము లేదు. అతని ఎత్తును బలమును చూచి ఎదుటివారు జంకుదురు. ఇదియే రహీము లెక్క. దక్షిణ వియత్నాముతో జరిగిన ఆ ఆటలో మనవారు రెండింటికి మూడు గోలులతో గెలిచిరి. ఒక గోలు జర్నయిలుది.

తుదిపోటీ సెప్టెంబరు 4వ తేదీన. ఎదుటి జట్టు మరల దక్షిణ కొరియాయే. ముందటి రాత్రి మన ఆటగాండ్రకు నిద్ర పట్టలేదు. రహీము వారిని కలిసికొని తనకొక కానుక కావలెనని అడిగెను. శిష్యులు గురువు నడుగుట లోకమున సహజము. గురువు శిష్యుల నడుగుట ఆ రాత్రి జరిగెను. ఆయన కోరిన కానుక మరునాటి స్వర్ణపతకము. అంతకుమించి ఆయన ఉపన్యాసమేమియు చేయలేదు.

మరునాడు సెనయాన్ మైదానమున లక్షమంది ప్రేక్షకులు కూడిరి. మనవారు మైదానమున అడుగిడినది మొదలు హేళన ధ్వనులు చెవులు చిల్లులు పొడిచెను. మన పక్షమున చప్పట్లు కొట్టినవారిలో పాకిస్థాను హాకీ ఆటగాండ్రు ఉండిరట! రహీము ఆ దినమున గోలు కాపరిని కూడ మార్చెను. అంతకుముందు చక్కగా ఆడుచుండిన ప్రద్యుత్ బర్మనుకు బదులు పీటర్ తంగరాజును నిలిపెను. కొరియావారు బంతిని ఎత్తుగా తన్నుటలో ఆరితేరినవారు; ఆజానుబాహువైన తంగరాజు చేతికి అందని బంతి అరుదు. కాలి వ్రేలికి గాయమైన త్రిలోక్ సింగు కూడ బాధ నోర్చుకొని ఆడెను.

ఆట మొదలైన పదునేడవ నిమిషమున పి.కె. బెనర్జీ మొదటి గోలు చేసెను. ఇరువదవ నిమిషమున జర్నయిలు రెండవది చేసెను. అంతవరకు ఘోషించిన మైదానము కొంత సద్దుమణిగెను. కొరియావారు కడపటి నిమిషములలో ఒక గోలు చేసిరి. అప్పటికి సమయము మించిపోయెను. రెండింటికి ఒకటితో భారతదేశము గెలిచెను. కెప్టెను చునీ గోస్వామి జట్టు పక్షమున పతకము నందుకొనెను. రహీము కోరిన కానుక ఆయనకు ముట్టెను.

అదియే ఆయన కడపటి పెద్ద పోటీ. తొమ్మిది మాసములు గడచినవి. వ్యాధి ముదిరి మంచము పట్టిన రహీము 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు ఏబదిమూడు సంవత్సరములు.

శిక్షకుల కిచ్చు ద్రోణాచార్య పురస్కారము 1985లో గాని ఏర్పడలేదు. ఆయన జీవితమును ఆధారముగ చేసికొని హిందీలో మైదాన్ అను చలనచిత్రము 2024లో వెలువడెను. 1970లో వచ్చిన కాంస్య పతకము తప్ప, జకార్తా తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ పతకమేదియు 2023 నాటి క్రీడల వరకు మన దేశమునకు రాలేదు.

రహీము మరణించిన మరుసటి సంవత్సరమున, అనగా 1964లో, ఆల్బర్టో ఫెర్నాండో అను భారతీయ శిక్షకుడు బ్రెజిలు దేశమునకు పోయి ఫుట్‌బాల్ శిక్షకుల తరగతులలో చేరెను. రెండు పర్యాయములు ప్రపంచ కప్పు గెలిచిన దేశమది. ఎన్నియో క్రొత్త సంగతులు తెలిసికొనవచ్చునని అతడు ఆశించుట సహజము. తీరా చూడగా అచ్చట బోధించుచున్నవి 1956లోనే రహీము తనకు నేర్పిన పాఠములని అతడు గుర్తుపట్టెను.