ఊరినే వెలివేసిన ట్రంపెట్: లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్

1901 ఆగస్టు 4న అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో, నిరుపేద నల్లజాతి వాడలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టాడు. తండ్రి వదిలేసి వెళ్లిపోతే నాయనమ్మ, తల్లి పెంచారు. చిన్నతనంలోనే బండి మీద బొగ్గులు అమ్మాడు. 1912 డిసెంబర్ 31 రాత్రి వీధిలో పిస్తోలు పేల్చాడని పోలీసులు పట్టుకుపోయారు. నల్లజాతి పిల్లల కోసం నడిపే దిద్దుబాటు గృహంలో పెట్టారు. అక్కడి బ్యాండులోనే కార్నెట్ శిక్షణ దొరికింది.

1922లో గురువు కింగ్ ఆలివర్ పిలుపుతో షికాగో చేరాడు. 1925-28 మధ్య హాట్ ఫైవ్, హాట్ సెవెన్ బృందాలతో చేసిన రికార్డులు జాజ్ నడకనే మార్చేశాయి. అందరూ కలిసి వాయించే సంగీతంలో ఒక్కరు ముందుకొచ్చి సొంత గొంతు వినిపించే దారి వేశాయి. స్వింగ్ ఆ దారిలోనే పెరిగింది. హాట్ జాజ్‌కు మళ్లీ ప్రాణం పోస్తున్న నేటి బృందాలకూ ఆ రికార్డులే పాఠాలు.

తెల్లవాళ్లను నవ్వించి బతుకుతున్నాడని నల్లజాతి యువ కళాకారులు కొందరు నిందించారు. కానీ 1956లో, తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి ప్రదర్శనలివ్వకూడదని లూసియానా రాష్ట్రం చట్టం చేసినప్పుడు ఆయన తన మిశ్రమ బృందాన్ని విడగొట్టలేదు, పుట్టిన ఊరిలో వాయించడమే మానేశాడు. 1957లో లిటిల్ రాక్ బడిలోకి 9 మంది నల్లజాతి విద్యార్థులను రానివ్వనప్పుడు, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌ను బహిరంగంగా తప్పుబట్టాడు. ప్రభుత్వం తరఫున సోవియట్ యాత్రకు వెళ్లనన్నాడు.

1964 పౌరహక్కుల చట్టం వచ్చాక, 1965లోనే న్యూ ఆర్లీన్స్‌లో మళ్లీ వాయించాడు. 1971 జూలై 6న న్యూయార్క్‌లో కన్నుమూశాడు. వాద్యాన్ని మెచ్చుకోవడం వేరు, వాయించేవాణ్ని సమానుడిగా ఒప్పుకోవడం వేరు. ఆ రెండోది దక్కేదాకా ఆయన సొంత ఊరికి తన సంగీతాన్ని ఇవ్వలేదు.