కుష్ఠురోగుల ఆత్మబంధువు డేమియన్

క్రైస్తవ సంప్రదాయంలో కాస్మస్, డేమియన్ అనే కవల సోదరుల గాథ మిక్కిలి ప్రాచీనమైనది. వారు వైద్యులనీ, రోగుల నుండి ఒక్క కాసైనా స్వీకరించక చికిత్స చేసేవారనీ, తుదకు తమ విశ్వాసం కోసం ప్రాణాలర్పించారనీ ఐతిహ్యం. వారిలో ఒకరి పేరును దాల్చిన బెల్జియం రైతుబిడ్డ ఒకడు, పంతొమ్మిదవ శతాబ్దంలో పసిఫిక్ మహాసముద్రం నడుమనున్న ఒక దీవిలో ఆ పేరును సార్థకం చేసుకొన్నాడు. అయితే ఆయన వైద్యుడు కాడు. ఆయన చేతికి బాగా అలవడినవి రంపమూ, సుత్తీ.

ఆయన అసలు పేరు జోసెఫ్ డి వూస్టర్. 1840 జనవరి 3న ట్రెమెలో గ్రామంలో ఏడవ సంతానంగా జన్మించాడు. ధాన్యపు వర్తకం చేసే తండ్రి, ఈ కుమారుడు తన వ్యాపారాన్ని అందుకోవాలని ఆశించాడు. జోసెఫ్ మాత్రం అన్న పాంఫిల్ అడుగుజాడలలో 1859లో లూవేన్ నగరంలోని సన్యాసి సంఘంలో చేరి డేమియన్ అయినాడు. చదువు చాలదని పెద్దలు ఆయనను గురుత్వానికి తగడనుకొన్నారు. తీరిక వేళల్లో అన్న వద్ద లాటిన్ నేర్చుకొని ఆయన వారి అభిప్రాయాన్ని మార్చాడు. 1863లో హవాయి దీవులకు వెళ్లవలసిన పాంఫిల్ టైఫస్ జ్వరంతో మంచం పట్టాడు. అప్పుడు డేమియన్ స్థానికాధికారులను దాటి, పారిస్‌లోని సంఘాధిపతికే నేరుగా లేఖ వ్రాసి, అన్నకు బదులు తాను ప్రయాణమైనాడు. తలచినది నెరవేరేదాకా నిలువనీయని ఈ పట్టుదల ఆయనకు జీవితాంతం మేలునూ, విరోధాలనూ సమానంగా తెచ్చిపెట్టింది.

1864 మార్చి 19న హోనొలులు చేరిన డేమియన్, మే 21న గురువుగా అభిషిక్తుడయ్యాడు. హవాయి పెద్దదీవిలో తొమ్మిదేండ్లు సేవచేశాడు. ప్రార్థనామందిరాలను స్వహస్తాలతో నిర్మించుకొన్నాడు.

ఆ కాలంలో కుష్ఠువ్యాధి ఆ దీవులలో వేగంగా వ్యాపించింది. ఐదవ కమేహమేహ రాజు పాలనలో 1865లో రోగులను వేరుచేసే శాసనం వచ్చింది. మరుసటి సంవత్సరం జనవరి నుండి వారిని మొలొకాయి దీవిలోని కలావావోకు తరలించసాగారు. ఆ చోటికి మూడు దిక్కులా సముద్రం, నాలుగవ దిక్కున ఆకాశాన్ని తాకే కొండచరియ. గోడలు కట్టనక్కరలేని చెరసాల అది. తల్లి నుండి బిడ్డను, భార్య నుండి భర్తను విడదీసి పంపేవారు. వ్యాధి లేకున్నా భర్త వెంటనో, భార్య వెంటనో స్వచ్ఛందంగా ఆ పడవ ఎక్కినవారు కూడా ఉన్నారు. అక్కడికి చేరినవారు సేద్యం చేసుకొని బ్రతుకుతారని ప్రభుత్వం భావించింది. వేళ్లు రాలిపోయిన చేతులు నాగలి ఎట్లా పట్టగలవో ఆలోచించినట్లు లేదు.

1873లో బిషప్ మెగ్రే అక్కడికి వెళ్లమని ఎవరినీ ఆజ్ఞాపించలేకపోయాడు. నలుగురు యువగురువులు వంతులవారీగా వెళ్లుటకు ముందుకు వచ్చారు. ఆయన ఒక్కడే సిద్ధపడ్డాడని తరువాతి కథలు చెప్పినా, వాస్తవమిది. మొదటి వంతు డేమియన్‌ది. 1873 మే 10న ఆయన ఆ తీరంలో దిగాడు. ఆ వంతు మరి ముగియలేదు.

ముందటి సంవత్సరమే కట్టిన చిన్న గుడి తప్ప ఆయనకు అక్కడ నిలువ నీడలేదు. తొలివారాలు గుడి ప్రక్కనున్న మొగలిచెట్టు క్రింద నిద్రించాడు. పుండ్ల దుర్గంధం భరింపరానిది కాగా, దానిని అణచుటకు పొగపీల్చడం అలవాటు చేసుకొన్నాడు. పుణ్యపురుషుల చరిత్రలలో సాధారణంగా చోటు దొరకని విషయమిది. కాని ఆయన తన జుగుప్సను ఎంత కష్టంతో జయించాడో దీనివల్లనే బాగా తెలుస్తుంది. క్రమంగా రోగుల పుండ్లు కడిగి కట్లు కట్టాడు. చేమదుంప ముద్దను వారితో ఒకే పాత్రలో తిన్నాడు. కొండలోయ నుండి గొట్టాల ద్వారా నీరు తెచ్చే పనిలో ముందు నిలిచాడు. గడ్డిపాకల స్థానంలో కొయ్య ఇండ్లు కట్టాడు, అనాథ బాలబాలికలకు ఆశ్రయం కల్పించాడు. శవపేటికలు చేశాడు, గోతులు తవ్వాడు. కలప కోసం, బట్టల కోసం ఆరోగ్య మండలిని విసుగెత్తేదాకా అడిగేవాడు. ఆయన అధికారులు ఆయనను మొండివాడన్నారు. ఆ మాట అసత్యం కాదు.

ఒకసారి ఆయన సంఘపు పెద్ద ఓడలో వచ్చాడు. ఆయనను తీరంలో దిగనీయలేదు, డేమియన్‌ను ఓడ ఎక్కనీయలేదు. అప్పుడు డేమియన్ చిన్న పడవలో నిలబడి, పైనున్న గురువుకు వినిపించేటట్లు తన పాపాలను బిగ్గరగా ఒప్పుకొన్నాడు. రహస్యంగా జరుగవలసిన ఆ సంస్కారం అట్లా సముద్రం మీద నలుగురి ఎదుట జరిగింది.

1884 డిసెంబరులో మరిగే నీటిలో పాదాలుంచినా ఆయనకు వేడి తెలియలేదు. మరుసటి సంవత్సరం వైద్యులు వ్యాధిని నిర్ధారించారు. ఆయన పని మందగించలేదు; తన తరువాత పిల్లల గతి ఏమిటన్న చింతతో మరింత త్వరపడ్డాడు. 1886లో జోసెఫ్ డట్టన్ అనే అమెరికా మాజీ సైనికుడు, 1888లో మదర్ మేరియన్ తోటి సన్యాసినులతోను వచ్చి ఆ భారాన్ని అందుకొన్నారు. 1889 ఏప్రిల్ 15న, తన 49వ ఏట డేమియన్ కన్నుమూశాడు. ఆ మొగలిచెట్టు క్రిందనే ఆయనను ఖననం చేశారు.

డేమియన్ మొలొకాయిలో దిగిన 1873లోనే నార్వే దేశంలో హాన్సెన్ ఈ వ్యాధికి మూలమైన సూక్ష్మజీవిని గుర్తించాడు. అయినా ఇది దుర్నీతి ఫలమన్న నమ్మకం లోకంలో తొలగలేదు. ఆయన మరణానంతరం హోనొలులులోని హైడ్ అనే ప్రొటెస్టెంట్ బోధకుడు ఆ నిందనే ఆయనపై మోపాడు. దానికి బదులిచ్చినది కథోలికుడు కాడు. స్కాట్లండ్ రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ స్వయంగా ఆ దీవిలో కొన్ని దినాలుండి, అక్కడి వారిని విచారించి, 1890లో బహిరంగ లేఖ ప్రకటించాడు. డేమియన్ లోపాలను దాచకుండానే ఆయన ఔన్నత్యాన్ని నిరూపించినందువల్ల, ఏ స్తోత్రపాఠం కన్న ఆ లేఖకు విలువ హెచ్చు.

డేమియన్ మరణం రేపిన సంచలనంతో ఇంగ్లండులో ఒక నిధి ఏర్పడి, దాని పక్షాన కుష్ఠువ్యాధి పరిశోధక సంఘం 1890లో భారతదేశానికి వచ్చింది. కుష్ఠురోగి పర్చురే శాస్త్రికి స్వయంగా సేవచేసిన గాంధీజీ, డేమియన్‌ను ఎంతగానో గౌరవించాడు.

1936లో బెల్జియం ప్రభుత్వం డేమియన్ భౌతికకాయాన్ని స్వదేశానికి తరలించింది. 1969లో హవాయిలో నిర్బంధ శాసనం రద్దయింది. 2009 అక్టోబరు 11న పోప్ పదహారవ బెనడిక్ట్ ఆయనను పునీతునిగా ప్రకటించాడు. అంతకుముందే, 1995లో, ఆయన కుడిచేతి అస్థికలు మొలొకాయికి తిరిగి వచ్చాయి. ఆ దీవిలో ఇండ్లు కట్టిన, గోతులు తవ్విన ఆ చేతిని కలావావో గుడి ప్రక్కన ఆయన తొలి సమాధిలోనే ఉంచారు.