శాంతియాత్రికుడు అన్వర్ సాదతు

రెండు రాజ్యముల నడుమ వైరము ముదిరినపుడు రాయబారులు రాకపోకలు సలుపుట అనాదిగా వచ్చుచున్న ఆచారము. పాండవుల పక్షమున శ్రీకృష్ణుడు హస్తినాపురమునకు రాయబారమేగిన కథ తెలుగునాట ఎఱుగనివారుండరు. కాని రాయబారిని పంపుట వేఱు. రాజు తానే శత్రువు వాకిటికి నడచిపోవుట వేఱు. రాయబారి మాట చెల్లనిచో రాజు మఱియొకనిని పంపవచ్చును. రాజే పోయి రిక్తహస్తములతో మరలివచ్చెనేని ఆతని గౌరవముతోపాటు అధికారపీఠమును కదలిపోవును. అట్టి సాహసమునకు పూనుకొని, సుమారు ముప్పది సంవత్సరములుగా సాగుచుండిన వైరమును ఒక్క ప్రయాణముతో మలుపు త్రిప్పిన దేశాధినేత ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదతు.

నైలునది సముద్రమున కలియుటకు ముందు పాయలుగా చీలి ప్రవహించు సస్యశ్యామల ప్రదేశమున మీత్ అబుల్ కూమ్ అను పల్లె కలదు. 1918వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన సాదతు ఆ పల్లెలో జన్మించెను. తండ్రి సైనిక వైద్యశాఖలో గుమాస్తా. పదుమువ్వురు సంతానము గల ఆ కుటుంబమున కలిమి యనునది లేదు. బాల్యమున సాదతును ఎక్కువగా పెంచినది నాయనమ్మ. 1882 మొదలు ఈజిప్టు ఆంగ్లేయ సైన్యముల అదుపులో నుండెను. 1922లో స్వాతంత్ర్యమొసగితిమని ఆంగ్లేయులు ప్రకటించినను, తమ సేనలను మాత్రము తరలింపలేదు. 1906లో ఆ ప్రాంతముననే దెన్షవాయి అను గ్రామమున నలుగురు గ్రామస్థులను ఉరితీయించిరి. వారిలో నొకడగు జహ్రాను నిర్భయముగా ఉరికంబమెక్కిన కథను బాలుడు రాత్రులందు పెద్దల నోట వినుచు పెరిగెను.

కొంతకాలమునకు ఆ కుటుంబము కైరో నగరము చేరెను. 1931లో గాంధీ మహాత్ముడు రౌండు టేబులు సమావేశమునకై లండను పోవుచు సూయజు కాలువ మీదుగా ప్రయాణించెను. ఈజిప్టు పత్రికలన్నియు ఆయన వృత్తాంతములతో నిండిపోయెను. వానిని చదివిన బాల సాదతు మనసు ఉప్పొంగెను. ఆతడు తన దుస్తులు విడిచి, నడుమునకు మాత్రము వస్త్రము చుట్టుకొని, కదురొకటి చేసికొని, ఇంటి మిద్దెపై ఏకాంతముగా కూర్చుండెను. చలికి జబ్బుచేయునని తండ్రి నచ్చచెప్పి కొన్ని దినములకు క్రిందికి దింపవలసి వచ్చెను. బాలుని చేష్టయే యైనను, ఆయుధము లేకయు ఒక మనుష్యుడు గొప్ప రాజ్యము నెదిరింపగలడను భావము ఆనాడే ఆతని హృదయమున నాటుకొనెను.

అయినను యౌవనమున ఆతడు పట్టినది ఆయుధమార్గమే. 1938లో సైనిక విద్యాలయమున చదువు ముగించి సైన్యమున చేరెను. అచ్చట గమాల్ అబ్దుల్ నాసరు అను యువకునితో మైత్రి కుదిరెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, ఆంగ్లేయులను వెడలగొట్టు తలంపుతో జర్మనులతో రహస్య సంబంధము పెట్టుకొనెనని 1942లో ఆతనిని నిర్బంధించి ఉద్యోగమునుండి తొలగించిరి. రెండేండ్లకు సాదతు తప్పించుకొని, మాఱుపేరుతో కూలిపనులు చేయుచు దినములు గడపెను. 1946లో ఒక రాజకీయ హత్యకు సంబంధించి మరల పట్టువడి, కైరో కేంద్ర కారాగారమున 54వ సంఖ్య గల గదిలో ఒంటరిగా నుంచబడెను. 1948లో న్యాయస్థానము ఆతనిని విడుదల చేసెను. తన తలపుల తీరును మార్చుకొనలేనివాడు లోకమున దేనిని మార్పజాలడను నిశ్చయము ఆ గదిలోనే కలిగినదని ఆతడు పిమ్మట తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను.

1952వ సంవత్సరము జూలై 23వ తేదీన నాసరు మున్నగు యువసైనికాధికారులు రాజు ఫరూకు ప్రభుత్వమును కూలద్రోసిరి. ఆ వార్తను రేడియోలో దేశమునకు చదివి వినిపించినది సాదతు. తరువాత నాసరు దేశాధినేతయై పేరుపొందెను. సాదతు పదునెనిమిదేండ్లు ఆతని నీడలోనే మెలగెను. 1970 సెప్టెంబరులో నాసరు హఠాత్తుగా మరణింపగా, ఉపాధ్యక్షుడుగానున్న సాదతు అధ్యక్షుడయ్యెను. ఈతడు ఎక్కువ కాలము నిలువడని పలువురు తలంచిరి.

ఆతనికి సంక్రమించినది సుఖాసనము కాదు. 1948లో ఇజ్రాయేలు రాజ్యము స్థాపితమైన నాటినుండి అరబ్బు రాజ్యములకును దానికిని యుద్ధములు జరుగుచునే యుండెను. పాలస్తీనా అరబ్బులు లక్షల సంఖ్యలో ఇల్లువాకిళ్లు కోల్పోయి శరణార్థులైరి. 1967 జూనులో ఆరు దినములు జరిగిన యుద్ధమున ఇజ్రాయేలు ఈజిప్టునకు చెందిన సినాయి ద్వీపకల్పమును సంపూర్ణముగా ఆక్రమించెను. ఈజిప్టునకు ఆదాయమిచ్చు సూయజు కాలువ మూతపడెను. కాలువకు ఒక గట్టున ఈజిప్టు సేనలు, ఎదుటి గట్టున ఇజ్రాయేలు సేనలు కాపుండెను.

1973వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన సాదతు ఆజ్ఞపై ఈజిప్టు సేనలు కాలువ దాటి శత్రువుల రక్షణపంక్తిని ఛేదించెను. మొదట విజయము లభించెను. పిమ్మట ఇజ్రాయేలు సేనలును కాలువ దాటి ఇవతలి గట్టునకు వచ్చెను. ఇరుపక్షములందును వేలకొలది యువకులు మరణించిరి. సాదతు తమ్ముడు ఆతిఫ్ వైమానికుడు. మొదటి దినముననే ఆతడు యుద్ధమున నేలకూలెను. ఈ యుద్ధము వలన ఈజిప్టు పోయిన గౌరవమును తిరిగి పొందెను గాని, పోయిన భూమిని పొందలేదు. అమెరికా మధ్యవర్తిత్వమున సేనలు కొంత వెనుకకు తగ్గెను. 1975 జూను 5వ తేదీన కాలువ మరల తెఱువబడెను. పిమ్మట కొంతకాలమునకు సంప్రదింపులు నిలిచిపోయెను.

ఇంతలో దేశమున దారిద్ర్యము హెచ్చెను. సైన్యమునకే ధనమంతయు వ్యయమగుచుండెను. 1977 జనవరిలో ప్రభుత్వము ఆహారపదార్థములకిచ్చు సాయమును తగ్గింపగా ప్రజలు తిరుగబడిరి. ప్రభుత్వము తన ఉత్తరువును ఉపసంహరించుకొనవలసి వచ్చెను. మఱియొక యుద్ధమును ఈజిప్టు భరింపలేదని సాదతు గ్రహించెను. దూతలు మోసికొనిపోవు లేఖలతో అనుమానము తొలగదనియు, ఇరుపక్షములను వేఱుచేయునది ఎడారి కాదు, భయమనియు ఆతనికి తోచెను.

1977 నవంబరు 9వ తేదీన ఈజిప్టు శాసనసభలో ప్రసంగించుచు, తన సైనికులలో ఒక్కని ప్రాణము దక్కుననినను లోకపు అంచుల వఱకు పోవుదుననియు, ఇజ్రాయేలు శాసనసభకైనను వెళ్లి మాటలాడుదుననియు సాదతు ప్రకటించెను. పాలస్తీనా నాయకుడు యాసర్ అరాఫతు ఆనాడు ఆ సభలోనే యుండెను. అది మాటవరుసకు అన్నదని సభ్యులు భావించి చప్పట్లు చఱచిరి. కాని ఇజ్రాయేలు ప్రధానమంత్రి మెనాఖెం బెగిను వెంటనే ఆహ్వానము పంపెను. సాదతు సిరియాకు పోయి అధ్యక్షుడు అసదును ఒప్పింప యత్నించి విఫలుడయ్యెను. స్వంత విదేశాంగమంత్రియే పదవికి రాజీనామా యిచ్చెను. ఇజ్రాయేలులోను సందేహములు లేకపోలేదు. ఇది యుద్ధమునకు ముందు పన్నిన పన్నాగము కావచ్చునని అచ్చటి సేనాధిపతి బహిరంగముగా హెచ్చరించెను.

నవంబరు 19వ తేదీ శనివారము రాత్రి, యూదుల విశ్రాంతిదినము ముగిసిన పిదప, ఈజిప్టు విమానము ఇజ్రాయేలు గడ్డపై దిగెను. అంతవఱకు ఏ అరబ్బు దేశాధినేతయు బహిరంగముగా ఆ నేలపై అడుగిడి యుండలేదు. ఇజ్రాయేలు వాద్యబృందము ఈజిప్టు జాతీయగీతమును వాయించెను. నాలుగేండ్ల క్రిందట యుద్ధమున తనకు ప్రతిపక్షమున నిలిచిన నాయకులు వరుసగా నిలిచియుండగా, సాదతు ఒక్కొక్కరి చేయి పట్టుకొని పలుకరించెను. ఇరుదేశముల ప్రజలును టెలివిజనులో ఆ దృశ్యమును చూచి నివ్వెఱపోయిరి. శత్రువని విన్నవాడు మనుష్యునివలె నవ్వుచు మాటలాడుట వారు చూచుట అదియే మొదటిసారి.

మఱునాడు బక్రీదు పండుగ. సాదతు జెరూసలేమునందలి అల్ అఖ్సా మసీదులో ప్రార్థన చేసెను. క్రైస్తవుల పవిత్ర సమాధి ఆలయమును దర్శించెను. హిట్లరు పాలనలో చంపబడిన లక్షలాది యూదుల స్మారకమందిరమునకు పోయి మౌనముగా నిలిచెను. అనంతరము శాసనసభలో అరబ్బీ భాషలో ప్రసంగించెను. ఆతడు వచ్చినది బ్రతిమాలుటకు కాదు. ఆక్రమించిన భూములన్నియు విడువవలెననియు, పాలస్తీనా ప్రజల హక్కులను గుర్తింపక శాంతి నిలువదనియు ఆతిథేయుల ముఖముననే చెప్పెను. ఇజ్రాయేలు ప్రజలు నిర్భయముగా జీవించుటను తాను అంగీకరించుచున్నాననియు అంతే స్పష్టముగా చెప్పెను. సమస్యలో నూటికి డెబ్బది పాళ్లు మనసుల నడుమ లేచిన గోడయే యని ఆతని అభిప్రాయము. బెగిను ప్రత్యుత్తరమున తన పట్టు విడువలేదు. అయినను మాజీ ప్రధానమంత్రి గోల్డా మేయరు, సాదతునకు క్రొత్తగా మనుమరాలు పుట్టినదని విని, ఒక నాయనమ్మ ఒక తాతకిచ్చు కానుకగా ఆ పసిబిడ్డకొక బహుమతి నొసగెను. యుద్ధకాలమున ప్రధానమంత్రిగా నుండినది ఆమెయే.

ఒక్క ప్రయాణముతో శాంతి సిద్ధింపలేదు. ఆ డిసెంబరులో బెగిను ఈజిప్టులోని ఇస్మాయిలియా నగరమునకు వచ్చెను గాని ఒప్పందము కుదరలేదు. అప్పుడు అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టరు ఇరువురను తన దేశమునకు పిలిచి, క్యాంపు డేవిడ్ అను కొండప్రాంతపు విడిదిలో 1978 సెప్టెంబరు 5 మొదలు 17 వఱకు కూర్చుండబెట్టెను. ఇద్దఱును ఎదురెదురుగా కూర్చున్నంతనే కలహము రేగుచుండుటచే, కార్టరే ఒకరి మాటను మఱియొకరికి చేరవేసెను. ఒకనాడు సాదతు మూటాముల్లె సర్దుకొని బయలుదేరగా కార్టరు వారించి నిలిపెను. తుదకు ఒడంబడికలపై సంతకములు జరిగెను. పాలస్తీనా విషయమున స్పష్టమైన హామీ లేదని సాదతు క్రొత్త విదేశాంగమంత్రియు రాజీనామా చేసెను. ఆ యేటి నోబెలు శాంతిబహుమతి సాదతునకును బెగినునకును కలిపి లభించెను. సంధి మరల ఆగిపోవునట్లుండగా 1979 మార్చిలో కార్టరు స్వయముగా కైరోకును జెరూసలేమునకును పోయి చిక్కులు విప్పెను. మార్చి 26వ తేదీన సంధి పూర్తియయ్యెను. సినాయి ఈజిప్టునకు తిరిగి యిచ్చుటకును, ఇజ్రాయేలు నౌకలు సూయజు కాలువలో పోవుటకును, ఇరుదేశములు రాయబారులను నియమించుకొనుటకును అంగీకారము కుదిరెను.

సాదతు ఇందులకు చెల్లించిన మూల్యము తక్కువది కాదు. అరబ్బు లీగు ఈజిప్టును వెలివేసి, తన కార్యస్థానమును కైరోనుండి ట్యూనిసు నగరమునకు మార్చుకొనెను. పాలస్తీనా ప్రజలు తమను విడనాడెనని వాపోయిరి. స్వదేశమున అసమ్మతి హెచ్చగా సాదతు ఓర్పు కోల్పోయెను. శత్రువుతో మాటలాడ వెనుదీయనివాడు, స్వదేశమున తన్ను విమర్శించువారి మాట వినలేకపోయెను. 1981 సెప్టెంబరులో భిన్నపక్షములకు చెందిన పదునైదు వందలమందికి పైగా నిర్బంధింపజేసెను. అది ఆతని చరిత్రలో మచ్చగా నిలిచిపోయినది.

తరువాతి నెలలోనే, 1981 అక్టోబరు 6వ తేదీన, కాలువ దాటిన విజయదినోత్సవము జరుగుచుండెను. సైనిక ప్రదర్శనను తిలకించుచున్న సాదతును, సంధిని ద్వేషించు తీవ్రవాదులైన సైనికులు కాల్చి చంపిరి. అంత్యక్రియలు శనివారము జరిగెను. విశ్రాంతిదినమున వాహనమెక్కరాదను నియమమును పాటించి బెగిను ఆ ఊరేగింపునకు కాలినడకన వచ్చెను. యుద్ధములో పోరాడిన రెండు దేశములలో ఒకదాని ప్రధానమంత్రి రెండవదాని అధ్యక్షుని శవపేటిక వెనుక నడచెను.

సాదతు మరణించినను సంధి మరణింపలేదు. 1982 ఏప్రిలు 25వ తేదీన ఇజ్రాయేలు సినాయినుండి వైదొలగెను. మిగిలిన తాబా అను చిన్న ప్రదేశమును 1989లో అప్పగించెను. ఆ సంవత్సరముననే అరబ్బు లీగు ఈజిప్టును మరల చేర్చుకొనెను. నాటినుండి నేటివఱకు ఆ రెండు రాజ్యముల నడుమ యుద్ధము జరుగలేదు. అయినను ఇరుదేశముల ప్రజల నడుమ స్నేహము చిగురింపలేదు. సాదతు శాసనసభలో ప్రస్తావించిన పాలస్తీనా సమస్య పరిష్కారమును పొందలేదు.

దేశాధినేతల పర్యటనలు ఉత్సవములకును విందులకును మాత్రమే యని కొందఱు తలంతురు. వైరమను కోటతలుపును లోపలినుండి తీయించుటకు రాజు తానే బయట నిలిచి తట్టవలసిన ఘడియలు కొన్ని కలవు. తలుపు తెఱచుకొనిన పిమ్మట లోపల కాపురము నిలుపుకొనుట ప్రజలందఱి పని. సాదతు తలుపు తట్టెను, అది తెఱచుకొనెను. ఆతడు చేయగలిగినది అది; చేయలేకపోయినది తరువాతి తరములకు మిగిలిన పని.