జైహింద్ అనే మాట మన హైదరాబాదీదే

లాలాపేట: ఆగస్టు 15 వచ్చిందంటే లాలాపేట బడుల్లోనూ, తార్నాకలోనూ, ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలోనూ జెండా ఎగురవేసి పిల్లా పెద్దా జైహింద్ అంటారు. ఆ మాటను అందించిన వారు హైదరాబాదులో పుట్టిన ఆబిద్ హసన్ సఫ్రానీ అని తెలిసినవారు తక్కువ.

ఆయన 1911లో జన్మించారు. అసలు పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. తల్లి గాంధీజీ అభిమాని, ఆమెకు ఇంగ్లీషువారంటే గిట్టదు. కుర్రతనంలోనే ఆయన సబర్మతి ఆశ్రమం చేరి, సత్యాగ్రహం చేసి జైలుకు వెళ్లారు. కలిగినవారి పిల్లలు లండను వెళ్లే ఆ రోజుల్లో ఈయన ఇంజనీరింగు చదువుకు జర్మనీ వెళ్లారు.

నేతాజీ సుభాస్ చంద్రబోసు 1941లో బెర్లిన్ చేరి స్వతంత్ర భారత కేంద్రం తెరిచారు. హసన్ చదువు మానేసి ఆయనకు కార్యదర్శిగా, దుబాసీగా కుదిరారు. ఆ కేంద్రమే 1942 జనవరిలో ఆజాద్ హింద్ రేడియో ప్రారంభించింది. ఇక్కడ మనవాళ్లు చాటుగా ఆ రేడియో వినేవారు.

జర్మనీకి పట్టుబడిన భారత సైనికులతో నేతాజీ ఒక దళం కట్టారు. అందులో హిందువులు నమస్తే అంటే, ముస్లింలు సలాం అనేవారు, సిక్కులది మరో పలకరింపు. అందరికీ ఒకే మాట కావాలని నేతాజీ అడిగితే, హసన్ ముందు హలో అన్నారట. అది నచ్చలేదు. ఆ తరువాత తట్టినదే జైహింద్.

1943 ఫిబ్రవరిలో నేతాజీ జర్మన్ జలాంతర్గామిలో తూర్పు దేశాలకు బయలుదేరారు. వెంట వెళ్లిన భారతీయుడు హసన్ ఒక్కరే. సుమారు మూడు నెలల ప్రయాణం. లోపల ఇరుకు, తిండికి కూడా డీజిలు వాసనే. నేతాజీ చెబుతుంటే హసన్ టైపు చేసేవారు. జపాన్ ప్రధాని టోజోతో ఎలా మాట్లాడాలో సాధన చేయడానికి హసన్‌నే టోజోగా ఉండమనేవారు. మడగాస్కర్ దాపున, అలల మధ్య, రబ్బరు తెప్ప మీద ఇద్దరూ జపాన్ జలాంతర్గామిలోకి మారారు. సముద్రం చూడని మనవంటి వారికి తలచుకుంటేనే గుండె జారుతుంది.

ఆజాద్ హింద్ ఫౌజులో ఆయన ఇంఫాల్ పోరుకు వెళ్లారు. ఠాగూరు గీతాన్ని హిందుస్తానీలోకి మార్చడంలో చేయి వేశారు. జెండా కాషాయమా, పచ్చనా అని సైనికులలో తగవు వస్తే, చివరికి హిందువులు పట్టు వదిలారట. ఆ మంచితనానికి కదిలిపోయి ఈయన కాషాయం అనే అర్థంలో సఫ్రానీ అని పేరులో చేర్చుకున్నారంటారు.

1945 ఆగస్టు 17న సైగాన్‌లో విమానంలో రెండే చోట్లు దొరికాయి. నేతాజీతో హబీబుర్ రెహమాన్ ఎక్కారు. జలాంతర్గామిలో వెంట ఉన్న హసన్ అక్కడే ఉండిపోయారు. మళ్లీ నేతాజీని చూడలేదు.

నిర్బంధం నుంచి విడుదలయ్యాక కొన్నాళ్లు కాంగ్రెసులో ఉన్నారు. అది నిలవలేదు. 1948లో విదేశాంగ శాఖలో చేరి ఈజిప్టు, చైనాలలో పనిచేశారు, డెన్మార్కుకు రాయబారి అయ్యారు. 1969లో పదవీ విరమణ చేసి హైదరాబాదు వచ్చేశారు. 1984లో మరణించారు.

గోల్కొండ అవతల ఆయన భూమి కొన్నారు. అన్న కూతురు సురయ్యా హసన్, నేతాజీ అన్న కొడుకు అరవింద బోసు భార్య. ఆమె ఆ ప్రాంతంలోనే మగ్గాలు పెట్టి, భర్తలు పోయిన ఆడవాళ్లకు హిమ్రూ, మష్రూ నేత నేర్పారు. వారి పిల్లల కోసం బడి కట్టించి దానికి సఫ్రానీ పేరు పెట్టారు. ఆమె 2021లో కన్నుమూశారు.