మెషిన్ గన్ నోరు మూయించిన అడవిబిడ్డ - లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా



ఏటా డిసెంబరు 3న సాయంత్రం, చదువుల గంట మొదలయ్యే ముందు మా హాస్టల్లో ఒక సైనికుడి గురించి పది నిమిషాలు చెప్పుకుంటాం. ఆయనది మన జిల్లా కాదు, మన రాష్ట్రమూ కాదు. ఇప్పటి జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా, జారి గ్రామం. అయినా మనవాడే అంటాం. ఆయన పుట్టిన ఉరావ్ తెగవారి కురుఖ్ భాష మన తెలుగులాగే, కోయ, గోండి భాషల్లాగే ద్రావిడ కుటుంబానికి చెందినది. అడవి అంచున పుట్టి, విల్లంబులతో పెరిగి, దేశం ఇచ్చే అతిపెద్ద యుద్ధ పురస్కారమైన పరమవీరచక్ర అందుకున్న ఆదివాసీ బిడ్డ ఆయన. పేరు ఆల్బర్ట్ ఎక్కా.

మన గిద్దలూరు, కొమరోలు, రాచర్ల, బేస్తవారిపేట, కంభం ప్రాంతాల్లో సైన్యానికి వెళ్ళినవారు లేని ఊరు అరుదు. మన తండాల నుంచి, గూడేల నుంచి కూడా ఇప్పుడు పిల్లలు తెల్లవారుజామున రోడ్ల మీద పరుగు సాధన చేస్తున్నారు. చూస్తే సంతోషంగా ఉంటుంది. కానీ ఆ పిల్లల్లో చాలామందికి తుపాకీ అంటే ఫోను ఆటల్లో కనిపించేదే. లైట్ మెషిన్ గన్ పేరు ఏడో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. ఆ ఆటలో తుపాకీ బరువు ఉండదు, వేడెక్కదు, మసి పట్టదు, చనిపోయినవాడు మళ్ళీ లేస్తాడు. అందుకే ఎక్కా కథ చెప్పేటప్పుడు మేము ఆ తుపాకీ గురించి కూడా చెబుతాం. అది తెలియకపోతే ఆయన చేసిన పని ఎంత పెద్దదో అర్థం కాదు.

ఆల్బర్ట్ ఎక్కా 1942 డిసెంబరు 27న జన్మించారు. తండ్రి జూలియస్, తల్లి మరియం. చిన్నతనం నుంచి వేట అలవాటు, హాకీ అంటే ప్రాణం. చప్పుడు కాకుండా నడవడం, నేల చూసి జాడ పట్టడం, ఓపికగా పొంచి ఉండడం అడవే నేర్పింది. నల్లమలలో మన చెంచు పెద్దలకు ఉన్న విద్య కూడా ఇదే. 1962 డిసెంబరులో, ఇరవయ్యేళ్ళు నిండిన రోజున, ఆయన బీహార్ రెజిమెంటులో చేరారు. చైనాతో యుద్ధం ముగిసి అప్పటికి నెల రోజులు దాటింది. 1968 జనవరిలో బ్రిగేడ్ ఆఫ్ ది గార్డ్స్‌లో 14వ బెటాలియన్ ఏర్పడినప్పుడు అందులోకి మారారు. ఈశాన్య రాష్ట్రాల్లో పనిచేసి లాన్స్ నాయక్ అయ్యారు. బాలమ్‌దీన్‌ను పెళ్ళి చేసుకున్నారు. ఒక కొడుకు పుట్టాడు.

కాల్బలంలో చేరిన ఏ సైనికుడైనా రైఫిల్‌తో పాటు ఎల్.ఎం.జి. నేర్చుకోవాల్సిందే. పదిమంది ఉండే ఒక సెక్షన్‌కు పెద్ద బలం ఆ ఒక్క తుపాకీయే. ఆ కాలంలో మన సైన్యం వాడిన ఎల్.ఎం.జి. బ్రెన్ రకానిది. చెకోస్లోవేకియాలోని బ్రనో, ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్ అనే రెండు ఊళ్ళ పేర్ల మొదటి అక్షరాలు కలిపి దానికి ఆ పేరు పెట్టారు. బరువు దాదాపు 10 కిలోలు. ముందు రెండు కాళ్ళు, పైన గుళ్ళ మ్యాగజైన్. నిమిషానికి 500 గుళ్ళ వేగంతో పేలుతుంది గానీ మ్యాగజైన్‌లో పట్టేవి 30. వేలు నొక్కిపట్టి ఉంచితే నాలుగు సెకన్లలో ఖాళీ. అందుకే మూడు నాలుగు గుళ్ళ చొప్పున విడతలుగా పేల్చడం మొదట నేర్పుతారు. పేల్చేవాడు ఒకడు, పక్కనే పడుకుని మ్యాగజైన్లు అందించి మార్చేవాడు ఇంకొకడు. సెక్షన్‌లోని మిగతావాళ్ళు కూడా దాని మ్యాగజైన్లు మోస్తారు. ఆ తుపాకీ ఒక్కడిది కాదు, అందరిదీ.

అది పనిచేసే తీరు మన ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది. గుండు గొట్టంలో దూసుకుపోయేటప్పుడు దాని వెనక ఉన్న వాయువులో కొంత ఒక చిన్న రంధ్రం గుండా బయటికి వచ్చి పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది. ఖాళీ గుండు తొడుగు బయట పడుతుంది. వెనక్కి వెళ్ళిన భాగాన్ని స్ప్రింగు మళ్ళీ ముందుకు తోస్తుంది, కొత్త గుండు లోపలికి ఎక్కుతుంది. ఇదంతా కంటిరెప్ప పాటులో. అయితే పేలిన ప్రతిసారీ లోపల మసి మిగులుతుంది. మసి పేరుకుంటే రంధ్రం పూడుతుంది, వాయువు బలం చాలదు, తుపాకీ మధ్యలో ఆగిపోతుంది. అప్పటికప్పుడు పెద్ద రంధ్రానికి తిప్పుకొనే వీలు ఉంది. కానీ అసలు మందు శుభ్రం చేయడమే. ఎడతెగకుండా పేలిస్తే గొట్టం కాలిపోతుంది. రెండోవాడు దాన్ని ఊడదీసి, వెంట తెచ్చిన ఇంకో గొట్టం బిగించాలి.

మా హాస్టల్లో చదివి సైన్యంలో చేరిన అబ్బాయి ఒకడు సెలవుకు వచ్చినప్పుడు పిల్లలకు ఒక సంగతి చెప్పాడు. శిక్షణలో పేల్చిన గంటల కంటే విప్పి, తుడిచి, బిగించిన గంటలే ఎన్నో రెట్లు ఎక్కువట. వాళ్ళు దాన్ని ఖోల్‌నా, జోడ్‌నా అంటారు. నేర్పేవారిని ఉస్తాద్ అంటారు. ముందుగా తుపాకీలో గుండు లేదని కళ్ళారా చూసుకోవాలి. వరస తప్పకుండా ఒక్కో భాగం విప్పి గుడ్డ మీద పేర్చాలి. తాడుకు గుడ్డముక్క కట్టి గొట్టంలోంచి లాగాలి, వెలుతురుకు ఎత్తి చూడాలి, పలచగా నూనె పట్టించాలి, మళ్ళీ అదే వరసలో బిగించాలి. చీకట్లో కూడా చేతులే పని చేసేదాకా ఉస్తాద్ వదలడట. వినడానికి వచ్చిన మా పిల్లల ముఖాలు కాస్త చిన్నబోయాయి. వాళ్ళు యుద్ధం కబుర్లు విందామని వచ్చారు మరి.

ఎక్కా తొమ్మిదేళ్ళు ఆ పనిలో ఉన్నారు. ఆ తొమ్మిదేళ్ళ తర్వాత వచ్చింది ఒక రాత్రి.

1971 డిసెంబరు 3న పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైంది. త్రిపురలోని అగర్తలాకు పడమట, సుమారు ఆరున్నర కిలోమీటర్ల దూరంలో, అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో గంగాసాగర్ ఉంది. అక్కడి రైల్వే స్టేషను చుట్టూ పాకిస్తాన్ సైన్యం బలమైన బంకర్లు కట్టుకుని కూర్చుంది. అఖౌరా వైపు దారి తెరవాలంటే ఆ స్థావరం పడాలి. ఆ రాత్రి 14 గార్డ్స్ దానిపై దాడికి దిగింది. ముందు నడిచిన కంపెనీల్లో ఎడమవైపు కంపెనీలో ఎక్కా ఉన్నారు. ఫిరంగి గుళ్ళు, తుపాకీ గుళ్ళు కురుస్తుండగానే మనవాళ్ళు స్థావరంలోకి చొచ్చుకుపోయారు. చేతికి చేయి పోరాటం మొదలైంది.

అప్పుడు ఒక బంకర్ నుంచి శత్రువుల ఎల్.ఎం.జి. ఎక్కా కంపెనీని కోసేస్తోంది. ఆ తుపాకీ ఏమి చేస్తుందో నేర్చుకున్నవాడికి తెలుసు. అది పేలుతున్నంతసేపూ నేలకు అతుక్కుని ఉన్నా మనుషులు పోతూనే ఉంటారు. ఉన్న మార్గం ఒక్కటే, దాన్ని ఆపడం. ఎక్కా తన ప్రాణం సంగతి పక్కనపెట్టి ఆ బంకర్ మీదికి దూకారు. బాయ్‌నెట్‌తో ఇద్దరిని పొడిచి ఎల్.ఎం.జి.ని ఆపేశారు. ఈ పోరులో ఆయనకు తీవ్ర గాయాలయ్యాయి. అయినా వెనక్కి రాలేదు. మైలు లోతున్న ఆ స్థావరంలో తోటివారితో కలిసి ఒక్కో బంకర్ ఖాళీ చేయిస్తూ ముందుకే సాగారు.

ఉత్తరపు కొసకు చేరేసరికి ఒక గట్టి భవనం పై అంతస్తు నుంచి మీడియం మెషిన్ గన్ అందుకుంది. ఇది ఎల్.ఎం.జి. కంటే బరువైనది, ఎక్కువసేపు ఆగకుండా పేలేది. మళ్ళీ మనవాళ్ళు కూలిపోతున్నారు, దాడి నిలిచిపోయింది. రక్తం కారుతున్న ఒంటితో ఎక్కా పాకుతూ భవనం దాకా వెళ్ళారు. కాల్పులు జరిపే కంత లోంచి గ్రెనేడ్ విసిరారు. లోపల ఒకడు చనిపోయాడు, ఇంకొకడు గాయపడ్డాడు. తుపాకీ మాత్రం ఆగలేదు. అప్పుడు పక్క గోడ ఎక్కి లోపలికి దిగి, ఇంకా పేలుస్తున్నవాణ్ణి బాయ్‌నెట్‌తో పొడిచారు. మెషిన్ గన్ ఆగింది. కంపెనీ ముందుకు కదిలింది, గంగాసాగర్ మన చేతికి వచ్చింది. ఆ తర్వాతే ఎక్కా గాయాలతో ప్రాణం విడిచారు. ఇంకో 24 రోజులు ఉంటే 29 ఏళ్ళు నిండేవి.

డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. ఆ యుద్ధంలో నలుగురికి పరమవీరచక్ర లభించింది. తూర్పు రంగంలో పోరాడినవారిలో అది పొందినది ఎక్కా ఒక్కరే. ఆయన దేహం జారికి చేరలేదు. అగర్తలా దగ్గరే ఖననం చేశారు. కొన్ని దశాబ్దాల తర్వాత అక్కడి మట్టి సొంత ఊరికి చేరింది. భర్త సమాధి చూడకుండానే బాలమ్‌దీన్ అన్నేళ్ళు గడిపారు. ఈ రోజు రాంచీ నడిబొడ్డున ఆల్బర్ట్ ఎక్కా చౌక్ ఉంది. 2000లో తపాలా బిళ్ళ వచ్చింది. 2023లో అండమాన్‌లోని ఒక దీవికి ఆయన పేరు పెట్టారు.

ఈ కథ చెప్పిన ప్రతిసారీ మేము రెండు మాటలు కలుపుతాం. మొదటిది, తుపాకీ ఆట వస్తువు కాదు. నల్లమలలోని మన గూడేల పెద్దలకు ఈ సంగతి మేము చెప్పనక్కర్లేదు. అడవిలో తుపాకుల మధ్య బతికిన రోజులు, రెండు వైపులా భయపడిన రాత్రులు వాళ్ళకు గుర్తున్నాయి. గంగాసాగర్‌లో అవతలి మెషిన్ గన్ పట్టుకున్నవాళ్ళూ తల్లులు కన్న బిడ్డలే. ఎక్కాను మనం గౌరవించేది చంపినందుకు కాదు. ఆ గన్ ఆగితే బతికే తోటివాళ్ళ కోసం తన ప్రాణం ఇచ్చినందుకు.

రెండోది, ఆ ధైర్యం ఒక్క రాత్రిలో పుట్టలేదు. రోజూ తుడిచిన గొట్టంలో, వరస తప్పకుండా పేర్చిన భాగాల్లో, ఎవరూ చూడకపోయినా సరిగ్గా చేసిన పనిలో అది తొమ్మిదేళ్ళు పెరిగింది. 1.6 కిలోమీటర్ల పరుగు అందరికంటే ముందు పూర్తిచేయగల పిల్లలు మనలో ఉన్నారు. కానీ ఇప్పుడు అగ్నివీర్‌కు మొదట రాత పరీక్ష, ఆ తర్వాతే పరుగు. ఆ పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు. జనరల్ డ్యూటీకి పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం కావాలి. పరుగులో గెలవగల కాళ్ళు లెక్కల్లో మార్కులు చాలక ఇంటి దగ్గరే ఆగిపోవడం మేము చూశాం. చెల్లెళ్ళకూ మిలటరీ పోలీసు విభాగంలో దారి తెరిచి ఉంది. మీ సాధన పుస్తకం, మీ నోటు పుస్తకం కూడా రోజూ తుడిచి పెట్టుకోవలసిన ఆయుధాలే.

సైన్యంలోకి వెళ్ళినా, బడిలో పంతులైనా, అడవిలో తేనె తీసినా, పని వచ్చిన చేతులు ఆపదలో తోటివాణ్ణి కాపాడతాయి. ఈ డిసెంబరు 3న మీ ఊళ్ళో సెలవుకు వచ్చిన జవాను ఎవరైనా ఉంటే వెళ్ళి కూర్చోండి. యుద్ధం గురించి కాదు, ఖోల్‌నా జోడ్‌నా గురించి అడగండి. ఇంటికి వచ్చాక చిన్నవాళ్ళకు ఆల్బర్ట్ ఎక్కా పేరు చెప్పండి.

అమరవీరుడు ఆల్బర్ట్ ఎక్కాకు మన పశ్చిమ ప్రకాశం గిరిజన బిడ్డలందరి తరఫున జోహార్లు.