సిమో హైహా

సిమో హైహా (డిసెంబరు 17, 1905 - ఏప్రిల్ 1, 2002) ఫిన్లాండ్ దేశపు సైనికుడు, సుప్రసిద్ధ స్నైపర్. 1939-40 నాటి శీతాకాల యుద్ధంలో సోవియట్ సేనలను ఎదుర్కొని, తెల్ల మృత్యువు అనే పేరుతో ప్రఖ్యాతి పొందాడు.

తొలి జీవితం, పోటీలు

సరిహద్దు ప్రాంతమైన రౌత్‌యార్విలో రైతు కుటుంబంలో జన్మించాడు. 17వ ఏట సివిల్ గార్డ్ అనే స్వచ్ఛంద రక్షక దళంలో చేరి, తుపాకి పోటీలలో పాల్గొని అనేక బహుమతులు గెలిచాడు. గురితో పాటు వేగం, దూరాన్ని కంటితో అంచనా కట్టే నేర్పు అతనికి ఈ సాధన వలననే అలవడ్డాయి.

యుద్ధకాలం

కొల్లా రణరంగంలో తన సివిల్ గార్డ్ రైఫిల్‌నే వాడాడు. దానికి టెలిస్కోపు లేదు. టెలిస్కోపు వాడితే తల మరికొంత పైకెత్తవలసి వస్తుంది. పైగా అద్దం ఎండకు మెరిసి జాడ తెలుపుతుంది, చలికి మసకబారుతుంది. పోటీలలో అలవాటైన మామూలు ఇనుప గురియే అతనికి అక్కరకు వచ్చింది. అయితే మంచులో గంటల తరబడి కదలక పొంచియుండే ఓర్పు పోటీలలో కంటె వేటలో అబ్బినదనుట సమంజసం. అతని చేతిలో మరణించినవారు 500 పైచిలుకు అని ప్రసిద్ధి, కాని ఈ సంఖ్యపై ఏకాభిప్రాయం లేదు.

1940 మార్చి 6న తూటా తగిలి ఎడమ దవడ ఛిద్రమైంది. మార్చి 13న, సంధి అమలైన రోజున, స్పృహ వచ్చింది. కార్పొరల్‌గా ఉన్న అతనిని సెకండ్ లెఫ్టినెంట్‌గా చేశారు. ముఖానికి పలు శస్త్రచికిత్సలు జరిగాయి.

అనంతర జీవితం

యుద్ధానంతరం వ్యవసాయం, దుప్పుల వేట, కుక్కల పెంపకంతో కాలం గడిపాడు. నేర్పుకు కారణమడిగితే సాధన అని మాత్రమే చెప్పేవాడు. 96వ ఏట హమినాలో మరణించాడు. సమాధి రువోకొలాహ్తిలో ఉంది.